యుద్ధం వస్తే పాశ్చాత్య దేశాలు సిద్ధమేనా? నాటో, ఐరోపా అధికారుల వాదోపవాదాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సమాధానాలు 2025 చివరి వరకు జరిగిన పరిణామాలను బట్టి రాసినవి. పత్రికలలో రోజుకొక ప్రకటన వస్తుండటంతో ఏది హెచ్చరికో, ఏది బడ్జెట్ కోసం చేసిన విన్నపమో తెలియక తికమకపడే పాఠకులను దృష్టిలో పెట్టుకున్నాము.

అసలు ఈ చర్చ ఎక్కడ మొదలైంది?

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్‌పై పూర్తిస్థాయి దండయాత్ర ప్రారంభించిన రోజునే జర్మనీ భూతల సైన్యాధిపతి లెఫ్టినెంట్ జనరల్ అల్ఫోన్స్ మైస్ లింక్డ్‌ఇన్‌లో ఒక బహిరంగ వ్యాఖ్య రాశారు. తాను నడిపిస్తున్న సైన్యం దాదాపు ఖాళీ చేతులతో నిలబడి ఉందని, నాటోకు, అంటే అమెరికా, కెనడా, ఐరోపా దేశాల సైనిక కూటమికి, అండగా నిలవడానికి ప్రభుత్వం ముందు తాము ఉంచగలిగిన మార్గాలు చాలా పరిమితమని దాని సారాంశం. ఐరోపాలో అతి పెద్ద ఆర్థిక వ్యవస్థ ఉన్న దేశపు సైన్యాధిపతి, పదవిలో ఉండగానే, అందరూ చదివే చోట ఆ మాట రాయడం మామూలు విషయం కాదు. మూడు రోజుల తరువాత అప్పటి ఛాన్సలర్ ఓలాఫ్ షోల్జ్ పార్లమెంటులో ఆ దండయాత్రను యుగపు మలుపుగా వర్ణించి, సైన్యానికి 10,000 కోట్ల యూరోల ప్రత్యేక నిధిని ప్రకటించారు.

అయితే ఈ వాదన అప్పుడే పుట్టినది కాదు. 2011 జూన్‌లో అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ పదవి నుంచి దిగిపోతూ బ్రస్సెల్స్‌లో చేసిన ప్రసంగంలో ఇదే విషయాన్ని మొహమాటం లేకుండా చెప్పారు. జనాభా తక్కువగా, ఆయుధాలు అంతంతమాత్రంగా ఉన్న లిబియాపై దాడులు మొదలై పదకొండు వారాలు కూడా గడవకముందే అనేక మిత్రదేశాల మందుగుండు నిల్వలు తగ్గిపోయి, ఆ లోటును అమెరికా పూడ్చవలసి వచ్చిందని ఆయన గుర్తు చేశారు. ఆ హెచ్చరికను విన్నవారు చాలామందే ఉన్నారు, దాని మీద ఖర్చు పెట్టినవారు మాత్రం తక్కువ.

సంసిద్ధత అంటే అధికారుల భాషలో అర్థం ఏమిటి?

ఇక్కడే సగం గందరగోళం ఉంది. ఆర్థిక మంత్రి దృష్టిలో సంసిద్ధత అంటే జీడీపీలో ఇంత శాతం. సైన్యాధిపతి దృష్టిలో అది పది రోజులలో సరిహద్దుకు చేర్చగలిగిన బలగం, ఆ బలగం పదకొండో రోజు కూడా కాల్చగలిగినన్ని గుండ్లు. పౌర రక్షణ మంత్రి దృష్టిలో విద్యుత్తు ఆగిపోయిన మూడో రోజున కూడా ఆసుపత్రి నడవడం. ముగ్గురూ ఒకే వేదిక మీద ఒకే పదాన్ని వాడుతూ మూడు వేర్వేరు విషయాలు మాట్లాడుతుంటారు.

నాటో 2022లో మాడ్రిడ్ శిఖరాగ్ర సభలో అంగీకరించిన కొత్త బలగాల నమూనా సైన్యాధిపతుల అర్థానికి దగ్గరగా ఉంటుంది. పది రోజులలోపు లక్ష మంది వరకు, ముప్పై రోజులలోపు మరో రెండు లక్షల మంది సైనికులు అందుబాటులో ఉండాలని అది నిర్దేశించింది. కాగితం మీద పేర్లు కేటాయించడం ఒక ఎత్తు, ఆ పేర్లకు తగిన వాహనాలు, విడిభాగాలు, రైలు వ్యాగన్లు సమకూర్చడం మరో ఎత్తు.

ఐదో అధికరణం ఉండగా ఇంత ఆందోళన దేనికి?

1949 ఏప్రిల్ 4న పన్నెండు దేశాలు వాషింగ్టన్‌లో సంతకం చేసిన నాటో ఒప్పందంలోని ఐదో అధికరణం ఒక సభ్యదేశంపై జరిగిన సాయుధ దాడిని అందరిపై జరిగిన దాడిగా పరిగణిస్తుంది. ఇంతవరకు అందరికీ తెలుసు. కానీ ఆ దాడి జరిగినప్పుడు ప్రతి దేశం తనకు అవసరమని తోచిన చర్య తీసుకుంటుందని కూడా అదే అధికరణం చెబుతుంది. అంటే సైన్యాన్ని పంపడం ఎంత న్యాయసమ్మతమో, కేవలం ఖండించి వైద్య సామగ్రి పంపడం కూడా అక్షరాల ప్రకారం అంతే న్యాయసమ్మతం. ఈ వెసులుబాటు పొరపాటున చొరబడింది కాదు, యుద్ధం ప్రకటించే అధికారాన్ని వదులుకోవడానికి అమెరికా సెనేట్ ఒప్పుకోదన్న భయంతో ఆనాడే అలా రాసుకున్నారు.

ఇప్పటివరకు ఈ అధికరణాన్ని ఒకే ఒక్కసారి, 2001 సెప్టెంబరు 11 దాడుల మరుసటి రోజున, అమెరికా పక్షాన ప్రయోగించారు. ఐరోపాను కాపాడటానికి రాసుకున్న వాక్యం మొదటిసారి అమెరికాకు అక్కరకు రావడం చరిత్రలోని ఒక చమత్కారం.

అధికారులు ఈ మధ్య ఎక్కువగా తిరగేస్తున్నది మూడో అధికరణాన్ని. ప్రతి సభ్యదేశం దాడిని తట్టుకునే శక్తిని స్వయంగానూ, ఉమ్మడిగానూ పెంచుకోవాలని అది చెబుతుంది. ఐదో అధికరణం హామీపత్రమైతే, మూడోది ఆ హామీకి కట్టవలసిన కిస్తీ వంటిది. ముప్పై ఏళ్ల పాటు చాలా దేశాలు ఆ కిస్తీ ఎగవేశాయన్నదే అమెరికా ఫిర్యాదు.

హెచ్చరికలు చేస్తున్నవారు ఎవరు? అందరూ ఒకే మాట ఎందుకు అనరు?

2023 అక్టోబరులో అప్పటి నాటో సైనిక కమిటీ అధ్యక్షుడు అడ్మిరల్ రాబ్ బావర్ మందుగుండు విషయంలో పీపా అడుగు కనిపిస్తోందని అన్నారు. 2024 జనవరి ఒక్క నెలలోనే మూడు ప్రకటనలు వచ్చాయి. స్వీడన్ పౌర రక్షణ మంత్రి కార్ల్ ఆస్కర్ బోలిన్ తమ దేశంలో యుద్ధం రావచ్చని చెప్పారు. బ్రిటన్ రక్షణ మంత్రి గ్రాంట్ షాప్స్ ప్రపంచం యుద్ధానంతర దశ నుంచి యుద్ధపూర్వ దశలోకి మారుతోందన్నారు. బ్రిటిష్ సైన్యాధిపతి జనరల్ పాట్రిక్ శాండర్స్ పౌరులను కూడా శిక్షణకు సిద్ధం చేయవలసి ఉంటుందని అన్నారు. అదే ఏడాది డిసెంబరులో నాటో ప్రధాన కార్యదర్శి మార్క్ రుట్టే నాలుగైదేళ్లలో రాబోయేదానికి మనం సిద్ధంగా లేమని ప్రకటించారు.

శాండర్స్ ఆ మాట అన్నదే తడవుగా బ్రిటన్ ప్రధానమంత్రి కార్యాలయం నిర్బంధ సైనిక సేవ ఆలోచన ఏదీ లేదని వివరణ ఇచ్చింది. జనరల్ మాట్లాడింది ఆర్థిక మంత్రికి వినబడాలని, ప్రధాని కార్యాలయం మాట్లాడింది ఓటరుకు వినబడాలని. ఇటువంటి ప్రకటన దేనినైనా చదివేటప్పుడు అది ఎవరి చెవిన పడాలని చెప్పినదో గమనిస్తే సగం అర్థం తెలిసిపోతుంది. అలాగని హెచ్చరికలన్నీ నిధుల కోసం ఆడే నాటకమని కొట్టివేయడం తొందరపాటు. బడ్జెట్ అడిగేవాడు చెప్పేది అబద్ధమే కావాలని ఏమీ లేదు. గేట్స్‌కు 2011లో అడగవలసిన బడ్జెట్ ఏదీ మిగలలేదు, అయినా ఆయన చెప్పింది ఇదే.

2029, 2030 అనే సంవత్సరాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

రష్యా దాడికి సిద్ధం కావచ్చంటూ అధికారులు తరచుగా చెప్పే ఈ సంవత్సరాలు జోస్యాలు కావు, రష్యా సైనిక ఉత్పత్తి వేగాన్ని బట్టి గూఢచార సంస్థలు వేసుకున్న అంచనాలు. 2024 జూన్‌లో జర్మన్ రక్షణ మంత్రి బోరిస్ పిస్టోరియస్ తమ సైన్యం 2029 నాటికి యుద్ధ సామర్థ్యంతో ఉండాలని పార్లమెంటులో చెప్పారు. 2025 ఫిబ్రవరిలో డెన్మార్క్ సైనిక గూఢచార సంస్థ మరింత సూక్ష్మంగా లెక్క చెప్పింది. ఉక్రెయిన్‌లో పోరు ఆగిపోతే లేదా స్తంభించిపోతే రష్యా ఆరు నెలలలో ఒక పొరుగు దేశంతో స్థానిక యుద్ధం చేయగలదని, సుమారు రెండేళ్లలో బాల్టిక్ ప్రాంతంలో ప్రాంతీయ యుద్ధానికి, సుమారు ఐదేళ్లలో ఐరోపాలో పెద్ద యుద్ధానికి సిద్ధం కాగలదని ఆ నివేదిక అంచనా వేసింది.

ఆ నివేదికలో చాలామంది వదిలేసే ఒక షరతు ఉంది: అదే కాలంలో నాటో తన బలాన్ని పెంచుకోకపోతేనే చివరి అంచనా వర్తిస్తుంది. సామర్థ్యం వేరు, ఉద్దేశం వేరు. సామర్థ్యాన్ని ఉపగ్రహ చిత్రాలలో లెక్కపెట్టవచ్చు, ఉద్దేశం ఒక మనిషి మనసులో ఉంటుంది. అధికారులు మొదటిదాని మీద నమ్మకంగా మాట్లాడి, రెండోదాని మీదకు జారిపోవడం ఈ చర్చలో తరచుగా కనిపించే లోపం.

రెండు శాతం, ఐదు శాతం లెక్క ఏమిటి?

2014లో వేల్స్ శిఖరాగ్ర సభలో, రష్యా క్రిమియాను ఆక్రమించిన ఏడాదే, పదేళ్లలో జీడీపీలో 2 శాతం రక్షణకు కేటాయించాలని సభ్యదేశాలు నిర్ణయించాయి. అప్పటికి ఆ గీతను దాటినవి అమెరికా, బ్రిటన్, గ్రీస్ మాత్రమే. గ్రీస్ కూడా రష్యా భయంతో కాక పక్కనున్న తుర్కియే భయంతో ఖర్చు పెడుతోందని వేరే చెప్పనక్కరలేదు. 2025 నాటికి సభ్యులందరూ ఆ లక్ష్యాన్ని చేరుకుంటారని నాటో అంచనా వేసింది. సొంత సైన్యమే లేని ఐస్‌లాండ్ ఒక్కటే ఆ లెక్కలోకి రాదు.

2025 జూన్‌లో హేగ్ సభలో లక్ష్యాన్ని 2035 నాటికి 5 శాతానికి పెంచారు. ఇందులో 3.5 శాతం అసలైన సైనిక వ్యయం, 1.5 శాతం రోడ్లు, వంతెనలు, సైబర్ భద్రత వంటి అనుబంధ వ్యయం. స్పెయిన్ ప్రధాని పెడ్రో సాంచెజ్ తమకు 2.1 శాతం చాలని పట్టుబట్టారు. ఇక ఆ ఒకటిన్నర శాతం గది తలుపు తెరిచీ తెరవకముందే సిసిలీని ఇటలీ ప్రధాన భూభాగంతో కలిపే మెస్సీనా వంతెనను రక్షణ వ్యయంగా చూపవచ్చా అన్న ఆలోచన ఇటలీలో మొదలైంది. శాతాలతో లక్ష్యం పెడితే శాతాలే దొరుకుతాయి.

డబ్బు ఇంత ఉన్నప్పుడు కొరత ఎందుకు?

ప్రపంచ దేశాల సైనిక వ్యయాన్ని లెక్కించే స్టాక్‌హోమ్‌లోని సిప్రి సంస్థ ప్రకారం 2024లో నాటోలోని ఐరోపా దేశాలు సైన్యాలపై 45,400 కోట్ల డాలర్లు ఖర్చు చేశాయి. రష్యా ఖర్చు 14,900 కోట్ల డాలర్లు. మూడు రెట్లు ఎక్కువ ఖర్చు పెట్టేవారు భయపడటం ఏమిటన్నది న్యాయమైన ప్రశ్న. రష్యాలో జీతాలు, ముడిసరుకులు చవక కాబట్టి అక్కడి డాలరు ఎక్కువ పని చేస్తుందన్నది సమాధానంలో ఒక భాగం మాత్రమే. అంతకంటే పెద్ద భాగం ఐరోపా ఖర్చు చేసే తీరులో ఉంది. ఇటలీ మాజీ ప్రధాని మారియో ద్రాగి 2024 సెప్టెంబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం అమెరికా సైన్యం ఒకే రకం ప్రధాన యుద్ధ ట్యాంకును నడుపుతుంటే, ఐరోపా సమాఖ్య దేశాలు పన్నెండు రకాలు నడుపుతున్నాయి. 155 మిల్లీమీటర్ల ఫిరంగులలోనే పది రకాలను ఉక్రెయిన్‌కు పంపాయి. పది రకాల ఫిరంగులంటే పది రకాల విడిభాగాలు, పది రకాల మెకానిక్కులు. ప్రతి దేశానికీ తన కర్మాగారం, తన కార్మికులు, తన ఎన్నికలు ఉన్నాయి కనుక ఎవరూ తమ రకాన్ని వదులుకోరు.

గుండ్ల కథ ఇంకా బోధపరుస్తుంది. 2023 మార్చిలో ఐరోపా సమాఖ్య ఏడాదిలో పది లక్షల ఫిరంగి గుండ్లు ఉక్రెయిన్‌కు ఇస్తామని మాట ఇచ్చింది. గడువు నాటికి అందులో సగం మాత్రమే అందాయి. అమెరికాలో కూడా యుద్ధానికి ముందు 155 మిల్లీమీటర్ల గుండ్ల ఉత్పత్తి నెలకు సుమారు 14,000 ఉండేది. దానిని లక్షకు పెంచాలని పెట్టుకున్న లక్ష్యం 2025 చివరికి కూడా నెరవేరలేదు.

ఎందుకింత ఆలస్యం? గుండు అంటే ఉక్కు గొట్టం ఒక్కటే కాదు. లోపల పేలుడు పదార్థం ఉండాలి, దానిని విసిరే మందు ఉండాలి. ఆ పేలుడు పదార్థాలలో ఒకటైన టీఎన్‌టీని ఐరోపాలో పెద్ద ఎత్తున తయారుచేసే కర్మాగారం పోలండ్‌లోని బిడ్‌గోష్చ్ నగరంలో ఉంది, దాదాపు అదొక్కటే. విసిరే మందుకు కావలసిన నైట్రోసెల్యులోజ్ పత్తి నుంచి వస్తుంది. జిన్నింగ్ అయ్యాక గింజను అంటుకుని మిగిలే పొట్టి నూగే దాని ముడిసరుకు. గుంటూరు, ఆదిలాబాద్ జిల్లాల వారికి ఈ నూగు సంగతి చెప్పనక్కరలేదు. ఐరోపా దానిలో అధిక భాగాన్ని చైనా నుంచి దిగుమతి చేసుకుంటోంది. రష్యాను ఎదుర్కోవడానికి కాల్చే గుండుకు చైనా నూగు మీద ఆధారపడటం ఏ వ్యూహపత్రంలోనూ రాసుకున్నది కాదు, ముప్పై ఏళ్లు చవకగా దొరికిన చోట కొనుక్కున్నందువల్ల ఏర్పడింది.

ఇంకొక చిక్కు ఒప్పందాలలో ఉంది. దీర్ఘకాలిక ఆర్డరు చేతికి రానిదే కొత్త కర్మాగారం కట్టమని కంపెనీలు, ఏడాది బడ్జెట్‌కు మించి మాట ఇవ్వలేమని మంత్రిత్వ శాఖలు ఎదురెదురుగా కూర్చుని రెండేళ్లు గడిపాయి. జర్మనీలో ఆయుధాలు తయారుచేసే రైన్‌మెటల్ సంస్థ ఉంటర్‌ల్యూస్‌లో కట్టిన కొత్త గుండ్ల కర్మాగారం 2025 ఆగస్టులో గాని ప్రారంభం కాలేదు. నిజానికి ఈ రంగంలో అది వేగమైన పనే.

సైనికులు ఎక్కడి నుంచి వస్తారు?

ఆయుధాలు కొనవచ్చు, పద్దెనిమిదేళ్ల యువకుడిని ఒప్పించడం కష్టం. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో పశ్చిమ జర్మనీ సైన్యం దాదాపు ఐదు లక్షలు. నిర్బంధ సేవను 2011లో నిలిపివేశాక ఏకీకృత జర్మనీ సైన్యం రెండు లక్షలకు లోపే ఉంటూ వచ్చింది. బ్రిటిష్ సైన్యం నెపోలియన్ కాలం తరువాత ఎన్నడూ లేనంత చిన్నదైంది.

2025 డిసెంబరులో జర్మన్ పార్లమెంటు ఆమోదించిన చట్టం మధ్యేమార్గం. 2008లోనూ ఆ తరువాతా పుట్టిన జర్మన్ యువకులందరూ సైనిక సేవకు సంబంధించిన ఒక ప్రశ్నావళి తప్పనిసరిగా నింపాలి, యువతులకు అది ఐచ్ఛికం, సైన్యంలో చేరడం మాత్రం స్వచ్ఛందం. చేరేవారు చాలకపోతే నిర్బంధ సేవ గురించి పార్లమెంటు మళ్లీ ఓటు వేయాలి. ఫ్రాన్స్ అధ్యక్షుడు ఎమ్మాన్యుయేల్ మాక్రాన్ 2025 నవంబరులో పది నెలల స్వచ్ఛంద సైనిక సేవను ప్రకటించారు. దానికి కొద్ది రోజుల ముందు ఫ్రెంచ్ సైనిక దళాల అధిపతి జనరల్ ఫాబియాన్ మాండన్ మేయర్ల మహాసభలో మాట్లాడుతూ, బిడ్డలను కోల్పోవడానికి సిద్ధపడే మనోబలం దేశానికి ఉండాలన్న అర్థంలో చేసిన వ్యాఖ్య పెద్ద దుమారం రేపింది. వామపక్ష, మితవాద పక్షాలు రెండూ విరుచుకుపడ్డాయి. ప్రతి ఫ్రెంచ్ ఊరిలోనూ మొదటి ప్రపంచ యుద్ధ మృతుల పేర్లు చెక్కిన స్మారక శిల ఉంటుంది. దాని ముందు ఏటా పూలు పెట్టేది ఆ మేయర్లే. ఆ సభలో ఆ మాట ఎలా వినిపిస్తుందో జనరల్‌కు తెలియకపోదు.

సైన్యం కదలడానికి వంతెనలతో, అనుమతులతో ఏమి సంబంధం?

మా అభిప్రాయంలో ఈ చర్చ మొత్తంలో తక్కువగా వినిపించే, ఎక్కువగా పట్టించుకోవలసిన అంశం ఇదే. 2025 ఫిబ్రవరిలో ఐరోపా సమాఖ్య ఆడిటర్ల నివేదిక ఒకటి వెలువడింది. ఒక సభ్యదేశం తన భూభాగం గుండా పొరుగు సైన్యం వెళ్లడానికి 45 రోజుల ముందు దరఖాస్తు చేయమంటుందని, ఒక దేశపు ట్యాంకులు మరో దేశపు రోడ్డు నిబంధనలు అనుమతించే బరువును మించిపోయినందున అటుగా వెళ్లలేకపోయాయని అది వివరించింది. పది రోజులలో లక్ష మందిని సరిహద్దుకు చేర్చాలనే ప్రణాళికను, 45 రోజుల దరఖాస్తు నిబంధనను పక్కపక్కన పెట్టుకుని చదవండి.

బాల్టిక్ దేశాల (ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా) రైలు పట్టాల వెడల్పు రష్యా కాలం నుంచి వచ్చిన 1,520 మిల్లీమీటర్లు, పోలండ్, జర్మనీలలో 1,435 మిల్లీమీటర్లు. మీటరు గేజ్ నుంచి బ్రాడ్ గేజ్‌కు మారే స్టేషనులో సామాన్లు దింపి ఎక్కించుకున్న రోజులు గుర్తున్నవారికి ఇది వెంటనే అర్థమవుతుంది, ఇక్కడ దింపి ఎక్కించవలసినవి అరవై టన్నుల ట్యాంకులు. ఈ ఇబ్బందిని తీర్చవలసిన రైల్ బాల్టికా మార్గం 2030 లక్ష్యంతో ఇంకా నిర్మాణంలో ఉంది. పోలండ్, లిథువేనియాలను భూమార్గంలో కలిపేది, రష్యాకు చెందిన కాలినిన్‌గ్రాడ్‌కు, బెలారుస్‌కు మధ్య సుమారు 65 కిలోమీటర్ల సువాల్కి సందు ఒక్కటే.

2024 సెప్టెంబరులో డ్రెస్డెన్ నగరంలో కరోలా వంతెన ఒక భాగం రాత్రివేళ నదిలోకి కూలిపోయింది. దానికి యుద్ధంతో సంబంధం లేదు, పాతబడి కూలింది. కానీ తూర్పుకు సాగే నాటో బలగాలకు జర్మనీయే నడవ కాబట్టి, రక్షణ వ్యయాన్ని రుణ పరిమితి నుంచి మినహాయిస్తూ 2025 మార్చిలో రాజ్యాంగాన్ని సవరించినప్పుడు దానితోపాటే మౌలిక వసతులకు 50,000 కోట్ల యూరోల నిధిని కూడా జర్మన్లు ఆమోదించారు. అదే ఏడాది నవంబరులో ఐరోపా సమాఖ్య కార్యనిర్వాహక విభాగమైన ఐరోపా కమిషన్ సైనిక రవాణా అనుమతులు మూడు రోజులలో ఇవ్వాలని ప్రతిపాదించింది.

అమెరికా పక్కకు తప్పుకుంటే?

2025 ఫిబ్రవరి 12న బ్రస్సెల్స్‌లో అమెరికా రక్షణ మంత్రి పీట్ హెగ్‌సెత్ ఐరోపా భద్రత ఇకపై తమ ప్రథమ ప్రాధాన్యం కాలేదని స్పష్టం చేశారు. రెండు రోజుల తరువాత మ్యూనిక్ భద్రతా సదస్సులో ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ ఐరోపాకు అసలు ముప్పు బయటి నుంచి కాదు, లోపలి నుంచేనన్నారు. ఆ జూలైలో అమెరికా రక్షణ శాఖ పెంటగాన్ తన సొంత నిల్వలపై ఆందోళనతో ఉక్రెయిన్‌కు కొన్ని ఆయుధాలను కొద్ది రోజులు ఆపింది. అక్టోబరులో రొమేనియా వైపు వంతులవారీగా వచ్చే ఒక బ్రిగేడ్‌ను తగ్గించింది.

ఐరోపాకు లోటు పడేది సైనికుల సంఖ్య కంటే ముందు, బయటకు కనబడని సాధనాల విషయంలో. ఉపగ్రహ నిఘా, గాలిలో ఇంధనం నింపే విమానాలు, భారీ రవాణా విమానాలు, క్షిపణులను అడ్డుకునే వ్యవస్థలు, వీటన్నిటినీ కలిపి నడిపే కమాండ్ కేంద్రాలు చాలావరకు అమెరికావే. ఇవి ఒక బడ్జెట్‌లో కొని తెచ్చుకునేవి కావు. అందుకే పోలండ్, బాల్టిక్ దేశాల అధికారులు అమెరికాను కోపగించుకోవడానికి జంకుతారు, ప్యారిస్ అధికారులు ఐరోపా స్వయంసమృద్ధి గురించి గట్టిగా మాట్లాడతారు. ముప్పుకు ఎంత దూరంలో ఉన్నారన్నదాన్ని బట్టి గొంతు మారుతుంది.

డ్రోన్లు, సముద్రపు కేబుళ్లు ఈ చర్చలోకి ఎందుకు వచ్చాయి?

2025 సెప్టెంబరు 9, 10 తేదీల మధ్య రాత్రి సుమారు ఇరవై రష్యన్ డ్రోన్లు పోలండ్ గగనతలంలోకి చొరబడ్డాయి. వాటిలో కొన్నిటిని కూల్చడానికి ఎఫ్-35, ఎఫ్-16 విమానాలు లేచాయి. ప్లైవుడ్, ఫోమ్‌తో చేసే చవక డ్రోనును కూల్చడానికి దానికంటే ఎన్నో రెట్లు ఖరీదైన క్షిపణి వాడటం ఎంతకాలం సాగుతుందన్న ప్రశ్న ఆ తెల్లవారే లేచింది. పోలండ్ నాలుగో అధికరణం కింద సంప్రదింపులు కోరింది. అంతకు ముందు 2024 క్రిస్మస్ రోజున ఫిన్లాండ్, ఎస్టోనియాల మధ్య ఎస్ట్‌లింక్ 2 విద్యుత్ కేబుల్ తెగింది, లంగరు ఈడ్చుకుంటూ వెళ్లిందన్న అనుమానంతో ఈగిల్ ఎస్ అనే నౌకను ఫిన్లాండ్ అదుపులోకి తీసుకుంది. ఐదో అధికరణం సాయుధ దాడి కోసం రాసినది, లంగరు సాయుధమా కాదా అన్నది న్యాయవాదులు తేల్చవలసిన మాట.

ఫిన్లాండ్‌ను అందరూ ఎందుకు ఉదాహరణగా చూపుతారు?

సుమారు 56 లక్షల జనాభాలో 48 లక్షల మందికి సరిపడా పౌర రక్షణ ఆశ్రయాలు అక్కడ ఉన్నాయి. యుద్ధకాల సైన్యం 2,80,000, రిజర్విస్టులను కలిపితే దాదాపు తొమ్మిది లక్షలు. రష్యాతో 1,340 కిలోమీటర్ల సరిహద్దు ఉన్న ఆ దేశం ప్రచ్ఛన్న యుద్ధం ముగిసినప్పుడు మిగతావారిలాగా దేనినీ కూల్చలేదు, అమ్మలేదు. స్వీడన్ గోట్‌లాండ్ ద్వీపంలోని రెజిమెంటును 2005లో రద్దు చేసి, 2018లో తిరిగి నెలకొల్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో స్వీడిష్ అధికారులు తామే ఒప్పుకుంటారు.

ఫిన్లాండ్‌లో మాకు నచ్చిన ఏర్పాటు బంకర్లు కాదు. 1961 నుంచి అక్కడ జాతీయ రక్షణ కోర్సులు నడుస్తున్నాయి. పార్లమెంటు సభ్యులు, కంపెనీల అధిపతులు, సంపాదకులు, ఉన్నతాధికారులు సైనికాధికారులతో కలిసి కూర్చుని సంక్షోభం వస్తే ఎవరి పని ఏమిటో నేర్చుకుంటారు. మిగతా దేశాలలో మంత్రులు, జనరల్స్ పత్రికల ద్వారా మాట్లాడుకునే మాటలు అక్కడ గదిలోనే అయిపోతాయి. ఆ దేశ మాజీ అధ్యక్షుడు సౌలి నీనిస్టో 2024 అక్టోబరులో ఐరోపా సమాఖ్యకు సమర్పించిన సంసిద్ధత నివేదికకు మూలం ఈ అలవాటే. దాని అడుగుజాడలలో 2025 మార్చిలో కమిషన్ ప్రతి కుటుంబం కనీసం 72 గంటలకు సరిపడా నీరు, ఆహారం, మందులు దగ్గర ఉంచుకోవాలని సూచించింది.

అధికారులు జనాన్ని అనవసరంగా భయపెడుతున్నారా?

ఈ ఆరోపణ అన్ని దేశాలలోనూ ఉంది. బోలిన్ ప్రకటన తరువాత స్వీడన్‌లో పిల్లల సహాయ కేంద్రానికి యుద్ధం గురించి భయపడే పిల్లల ఫోన్లు పెరిగాయి. మాజీ ప్రధాని మాగ్దలేనా ఆండర్సన్ ఆ మాటల తీరును తప్పుపట్టారు. జర్మనీలో 2025 జూన్‌లో పాలక కూటమిలోని సోషల్ డెమొక్రాట్ నాయకులే కొందరు ఆయుధ పోటీకి బదులు రష్యాతో దౌత్యం కోరుతూ ఒక పత్రం విడుదల చేశారు. అదే పార్టీకి చెందిన పిస్టోరియస్ దానిని వాస్తవాన్ని కాదనడంగా కొట్టిపారేశారు.

విమర్శకుల వాదనలో బలం ఉన్న చోటు ఒకటి ఉంది: బ్రిటన్ 2027 నాటికి రక్షణ వ్యయాన్ని 2.5 శాతానికి పెంచడానికి పేద దేశాలకిచ్చే సాయాన్ని జాతీయాదాయంలో 0.5 శాతం నుంచి 0.3 శాతానికి కోసింది. భద్రత పేరుతో ఎవరి కంచంలోది తీస్తున్నారో అడిగే హక్కు ఓటరుకు ఉంది. అయితే 2014 తరువాత ఎనిమిదేళ్లు మృదువుగా చెప్పి చూశారు, ఆ కాలంలో జరిగింది స్వల్పం. మా దృష్టిలో తప్పు హెచ్చరించడంలో లేదు, హెచ్చరిక వెంట ఎవరు ఏమి చేయాలో చెప్పకపోవడంలో ఉంది. సంక్షోభం వస్తే ఏమి చేయాలో చెప్పే కరపత్రాన్ని ప్రతి ఇంటికీ పంపిన స్వీడన్ ఆ పని చేసింది.

ఐరోపాలో చదువుకునే, ఉద్యోగం చేసే తెలుగువారికి ఇవి వర్తిస్తాయా?

జర్మన్ ప్రశ్నావళి జర్మన్ పౌరులకు మాత్రమే, భారత పాస్‌పోర్టుతో వెళ్లిన విద్యార్థికి సంబంధం లేదు. జర్మన్ పౌరసత్వం తీసుకున్న కుటుంబాల పిల్లలకు మాత్రం మిగతా పౌరులలాగే వర్తిస్తుంది. 72 గంటల సూచనకు పౌరసత్వంతో పని లేదు, విద్యుత్తు పోతే అందరికీ పోతుంది. హాస్టల్ గదిలో కొంత నీరు, వండనవసరం లేని ఆహారం, కొద్దిపాటి నగదు, పాస్‌పోర్టు నకలు ఉంచుకోవడం ఏ దేశంలోనైనా మంచిదే. 2022లో ఉక్రెయిన్ వైద్య కళాశాలల నుంచి ఆపరేషన్ గంగా ద్వారా తిరిగివచ్చిన విద్యార్థులలో తెలుగువారు కూడా ఉన్నారు. వారిలో చాలామందికి మొదటి గండం సరిహద్దు వరకు చేరడమే.

ముందు ముందు దేనిని గమనించాలి?

శిఖరాగ్ర సభల ప్రకటనల కంటే కొన్ని చిన్న విషయాలు ఎక్కువ చెబుతాయి. లిథువేనియాలో జర్మనీ శాశ్వతంగా నిలుపుతానన్న సుమారు ఐదు వేల మంది బ్రిగేడ్ 2027 నాటికి పూర్తిగా నిండుతుందా? అక్కడికి వెళ్లేవారు స్వచ్ఛందంగా కుటుంబాలతో సహా ఒప్పుకోవాలి కాబట్టి, బడుల సంఖ్య కూడా అందులో భాగమే. సైనిక రవాణాకు మూడు రోజుల అనుమతి నిబంధనను అన్ని రాజధానులు ఒప్పుకుంటాయా? ఐరోపాలో టీఎన్‌టీ తయారుచేసే కర్మాగారం మరొకటి ఎప్పుడు ఉత్పత్తి మొదలుపెడుతుంది? హేగ్‌లో పెట్టుకున్న 5 శాతం లక్ష్యాన్ని సభ్యదేశాలు 2029లో సమీక్షించుకుంటాయి. గూఢచార సంస్థల అంచనాలలో పదే పదే వినిపించే సంవత్సరం కూడా అదే.